హైదరాబాదులో భాషా సంస్కృతులకు ప్రభుత్వ పోషణ

హైదరాబాదు నగరంలో భాష, సాహిత్యం, కళలు, గ్రంథాలయాలు, వారసత్వ కట్టడాల అభివృద్ధికి వేర్వేరు కాలాల ప్రభుత్వాలు అనుసరించిన విధానాలను, వాటికోసం ఏర్పరచిన సంస్థలను ఈ వ్యాసం వివరిస్తుంది. నగరం నడిబొడ్డున ఒకదానినొకటి ఆనుకొని ఉన్న కోఠి, అబిడ్స్, నాంపల్లి ప్రాంతాలు ఈ చరిత్రకు ముఖ్య వేదికలు. 1901లో ప్రజలు తమ విరాళాలతో నెలకొల్పుకొన్న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం కోఠి సుల్తాన్ బజారులో ఉంది. 1943లో పుట్టిన సారస్వత పరిషత్తు అబిడ్స్ సమీపంలోని తిలక్ రోడ్డులో ఉంది. 1985లో ప్రభుత్వం స్థాపించిన తెలుగు విశ్వవిద్యాలయం నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ ప్రాంగణంలో ప్రారంభమైంది. ప్రజల పూనికతో ఏర్పడిన సంస్థలకు, ప్రభుత్వ నిర్ణయంతో ఏర్పడిన సంస్థలకు మధ్య గల తేడాలు ఈ మూడింటి చరిత్రలో స్పష్టంగా కనిపిస్తాయి.

సాంస్కృతిక విధానం అనే భావన

రాజులు కవులను, కళాకారులను పోషించడం ప్రాచీన కాలం నుండి ఉన్నదే. అయితే అది రాజు అభిరుచిని బట్టి సాగేది. ప్రజల పన్నుల సొమ్ముతో, ముందుగా నిర్ణయించుకొన్న లక్ష్యాలతో, శాశ్వత సంస్థల ద్వారా సంస్కృతిని పోషించాలనే ఆలోచన ఇరవయ్యవ శతాబ్దంలో బలపడింది. బ్రిటన్ 1946లో కళల మండలిని ఏర్పరచి, నిధులు ప్రభుత్వం ఇవ్వాలని, వాటి పంపకాన్ని మాత్రం నిపుణుల మండలి చూడాలని ఏర్పాటు చేసింది. ఫ్రాన్సు 1959లో నేరుగా సాంస్కృతిక మంత్రిత్వ శాఖనే స్థాపించింది. 1982లో మెక్సికో నగరంలో యునెస్కో జరిపిన ప్రపంచ మహాసభ తరువాత సాంస్కృతిక విధానం అనే మాట అనేక దేశాలలో వాడుకలోకి వచ్చింది.

భారతదేశంలో సంస్కృతి కేంద్ర, రాష్ట్రాల ఉమ్మడి బాధ్యతగా నడుస్తున్నది. రాజ్యాంగం ఏడవ షెడ్యూలులోని రాష్ట్ర జాబితాలో 12వ అంశం గ్రంథాలయాలను, ప్రదర్శనశాలలను రాష్ట్రాలకు అప్పగించింది. రాష్ట్రాలు తమ అధికార భాషను నిర్ణయించుకొనే అధికారాన్ని 345వ అధికరణం ఇచ్చింది. తమ భాషను, లిపిని, సంస్కృతిని కాపాడుకొనే హక్కును 29వ అధికరణం పౌర సముదాయాలకు ఇచ్చింది.

ప్రభుత్వ పోషణ సాధారణంగా నాలుగు రూపాలలో ఉంటుంది:
- చట్టం ద్వారా ఏర్పడే పన్ను లేదా హక్కు (ఉదా: గ్రంథాలయ పన్ను)
- ప్రజా సంస్థలకు ఏటా ఇచ్చే సహాయ ద్రవ్యం
- ప్రభుత్వమే స్థాపించి నడిపే అకాడమీలు, విశ్వవిద్యాలయాలు
- మహాసభలు, ఉత్సవాలు, పురస్కారాలు

నిజాం పాలనలో

హైదరాబాదు రాజ్యంలో 1880వ దశకంలో పారశీకం స్థానంలో ఉర్దూ అధికార భాష అయింది. రాజ్య జనాభాలో సుమారు సగం మంది తెలుగువారు. మరాఠీ, కన్నడ భాషలు మాట్లాడేవారు కూడా పెద్ద సంఖ్యలో ఉండేవారు. అయినా ప్రభుత్వ పోషణలో సింహభాగం ఉర్దూకే దక్కింది.

ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో ఈ పోషణ ఒక పథకం ప్రకారం సాగింది. 1918లో ఉర్దూ మాధ్యమంతో ఉస్మానియా విశ్వవిద్యాలయం స్థాపించబడింది. తొలి తరగతులు 1919లో అబిడ్స్ సమీపంలోని గన్‌ఫౌండ్రీలో మొదలయ్యాయి. విశ్వవిద్యాలయానికి పాఠ్యగ్రంథాలు కావాలి గనుక 1917లోనే అనువాద శాఖ (దారుల్ తర్జుమా) ఏర్పడింది. మౌల్వీ అబ్దుల్ హఖ్ దాని తొలి అధిపతి. విజ్ఞానశాస్త్రం, వైద్యం, న్యాయం, చరిత్ర వంటి విషయాలలో వందలాది గ్రంథాలు అక్కడ ఉర్దూలోకి వచ్చాయి. పారిభాషిక పదాలను పండితుల సంఘాలు చర్చించి నిర్ణయించేవి. ఒక భారతీయ భాషను విశ్వవిద్యాలయ స్థాయి బోధనకు సిద్ధం చేయడానికి ఒక ప్రభుత్వం ఇంత విస్తృతంగా పూనుకోవడం అప్పటికి కొత్త. ఉర్దూకు లభించిన ఈ ఏర్పాటు తెలుగుకు లభించడానికి మరి ఐదు దశాబ్దాలు పట్టింది.

1891లో స్థాపించబడిన ఆసఫియా గ్రంథాలయం మొదట అబిడ్స్‌లో ఉండేది. 1936లో అఫ్జల్‌గంజ్‌లోని నేటి భవనానికి మారింది. ఇదే తరువాతి కాలంలో రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం అయింది. 1914లో పురావస్తు శాఖ ఏర్పడింది. దాని సంచాలకుడు గులాం యజ్దానీ పర్యవేక్షణలో అజంతా చిత్రాల పరిరక్షణ జరిగింది. పూనాలోని భండార్కర్ సంస్థ చేపట్టిన మహాభారత పరిష్కరణకు కూడా నిజాం ప్రభుత్వం ధనసహాయం చేసింది. అంటే ప్రభుత్వ పోషణ ఉర్దూకే పరిమితం కాలేదు. అయితే రాజ్యంలోని ప్రజల భాషలలో బడులు, సభలు, పత్రికలు నడవడానికి మాత్రం అవరోధాలు ఉండేవి. ఖాంగీ (ప్రైవేటు) పాఠశాల తెరవాలన్నా, బహిరంగ సభ జరపాలన్నా ముందుగా అనుమతి పొందవలసి ఉండేది. సభలపై ఆంక్షలు విధించిన "గస్తీ నిషాన్ 53" అనే ఉత్తరువు ఆనాటి ప్రజా జీవితంలో బాగా పేరు పడింది.

కోఠిలో ప్రజా సంస్థలు

కోఠి అనే పేరు బ్రిటిష్ రెసిడెంటు నివాస భవనం వల్ల వచ్చింది. దాని చుట్టూ ఉన్న రెసిడెన్సీ బజార్లు 1933 వరకు బ్రిటిష్ రెసిడెంటు అధికార పరిధిలో ఉండేవి. నిజాం ప్రభుత్వ ఆంక్షలు ఇక్కడ అంత నేరుగా వర్తించకపోవడంతో సభలకు, సంఘాలకు కొంత వెసులుబాటు ఉండేది. నగరంలో ఆధునిక తెలుగు సంస్థల చరిత్ర ఈ ప్రాంతం నుండి మొదలుకావడానికి ఇది ఒక కారణం.

శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం

1901 సెప్టెంబరు 1న రావిచెట్టు రంగారావు ఇంటిలో ఈ గ్రంథాలయం ప్రారంభమైంది. కొమర్రాజు వెంకట లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు, ఆదిపూడి సోమనాథరావు మొదలైనవారు దీని స్థాపకులు. రంగారావు మరణానంతరం ఆయన భార్య లక్ష్మీనరసమ్మ ఇచ్చిన విరాళం సంస్థ సొంత భవనానికి తోడ్పడింది. 1921లో భవనాన్ని కట్టమంచి రామలింగారెడ్డి ప్రారంభించారు.

ఈ నిలయం చూపిన దారిలో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం (1904), సికిందరాబాదులో ఆంధ్ర సంవర్ధినీ గ్రంథాలయం (1905) వెలిశాయి. 1906లో కొమర్రాజు తదితరులు హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా మండలిని ప్రారంభించారు. 1908లో అది మద్రాసుకు మారింది. తెలుగులో విజ్ఞాన సర్వస్వ రచనకు తొలి బాట వేసిన లక్ష్మణరావు కృషికి కోఠిలోని ఈ గ్రంథాలయం ఒక ఆరంభమని చెప్పవచ్చు. మాడపాటి హనుమంతరావు, బూర్గుల రామకృష్ణారావు వంటి నాయకులకు ఇది కార్యక్షేత్రం.

1921 నాటి సభ

1921 నవంబరులో కోఠి ప్రాంతంలోని వివేకవర్ధిని థియేటరులో నిజాం రాష్ట్ర సంఘ సంస్కరణ సభ జరిగింది. మహర్షి ధోండో కేశవ కర్వే అధ్యక్షత వహించారు. మరాఠీ, ఉర్దూ, ఇంగ్లీషు ప్రసంగాలను సభ విన్నది. ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోగా సభికులు గోల చేసి అడ్డుకున్నారు. ఆ అవమానం నుండి నవంబరు 12న ఆంధ్ర జనసంఘం పుట్టింది. అదే 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన తొలిసారి సమావేశమైన ఆంధ్ర మహాసభగా విస్తరించింది. సురవరం 1926 నుండి గోలకొండ పత్రికను నడిపారు. తెలంగాణలో కవులు లేరన్న మాటకు జవాబుగా 354 మంది కవుల రచనలతో గోలకొండ కవుల సంచికను 1934లో వెలువరించారు. ఈ కృషి అంతటికీ ప్రభుత్వ ధనం తోడు లేదు.

సారస్వత పరిషత్తు

రాజకీయాలకు అతీతంగా భాషా సాహిత్యాల సేవ చేయాలనే సంకల్పంతో 1943 మే 26న నిజాం రాష్ట్రాంధ్ర సారస్వత పరిషత్తు ఏర్పడింది. లోకనంది శంకరనారాయణరావు తొలి అధ్యక్షుడు. ఉర్దూ మాధ్యమంలో చదువుకొన్న తెలుగు పిల్లలకు, పెద్దలకు తెలుగు నేర్పడానికి పరిషత్తు పరీక్షలు నిర్వహించింది. తరువాత ప్రాచ్య కళాశాలను నడిపింది. పల్లెలలో స్వచ్ఛంద కార్యకర్తలే ఈ పరీక్షలకు పాఠాలు చెప్పేవారు. 1953 జనవరిలో ఆలంపురంలో జరిగిన పరిషత్తు సభలకు సర్వేపల్లి రాధాకృష్ణన్ హాజరయ్యారు. దేవులపల్లి రామానుజరావు చాలా కాలం ఈ సంస్థకు వెన్నెముకగా నిలిచారు. ఆంధ్ర సారస్వత పరిషత్తుగా ప్రసిద్ధమైన ఈ సంస్థ తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన తరువాత తెలంగాణ సారస్వత పరిషత్తుగా పేరు మార్చుకుంది.

స్వాతంత్ర్యానంతరం జాతీయ సంస్థలు

స్వాతంత్ర్యానంతరం మౌలానా అబుల్ కలాం ఆజాద్ విద్యామంత్రిగా ఉన్న కాలంలో కేంద్ర ప్రభుత్వం మూడు జాతీయ అకాడమీలను స్థాపించింది. సంగీత నాటక అకాడమి 1953లోను, సాహిత్య అకాడమి, లలిత కళా అకాడమి 1954లోను ప్రారంభమయ్యాయి. నిధులు ప్రభుత్వానివి, నిర్ణయాలు రచయితలవి, కళాకారులవి అన్నది వీటి మూలసూత్రం. సాహిత్య అకాడమి తెలుగుకు ఇచ్చిన తొలి పురస్కారం (1955) సురవరం ప్రతాపరెడ్డి రచించిన ఆంధ్రుల సాంఘిక చరిత్రకు లభించింది.

ఈ సంస్థల పనితీరును సమీక్షించడానికి 1964లో భాభా సంఘం, 1972లో ఖోస్లా సంఘం, 1990లో హక్సర్ సంఘం నివేదికలు ఇచ్చాయి. స్వయం నిర్ణయాధికారం, జవాబుదారీతనం రెండూ ఎలా పొసగాలన్నది ఈ సమీక్షలలో ముఖ్యమైన ప్రశ్న. 1990వ దశకం ఆరంభంలో జాతీయ సాంస్కృతిక విధానంపై ఒక చర్చా పత్రం కూడా వెలువడింది. అయితే విద్యకు ఉన్నట్లుగా సంస్కృతికి ఒక సమగ్ర జాతీయ విధానం అమలులోకి రాలేదు. జాతీయ స్థాయిలో పోషణ విడివిడి సంస్థలు, పథకాల ద్వారానే సాగుతున్నది. 1972లో కలకత్తాలో ఏర్పడిన రాజా రామమోహన్ రాయ్ గ్రంథాలయ ఫౌండేషన్ గ్రంథాలయాలకు, 1986లో తంజావూరులో ఏర్పడిన దక్షిణ మండల సాంస్కృతిక కేంద్రం కళారూపాలకు సహాయం అందిస్తున్నాయి.

గ్రంథాలయ చట్టం

ప్రభుత్వ పోషణ చట్టరూపం దాల్చినదానికి గ్రంథాలయ పన్ను మంచి ఉదాహరణ. 1948లో మద్రాసు రాష్ట్రం దేశంలో మొట్టమొదటి సమగ్ర పౌర గ్రంథాలయ చట్టాన్ని చేసింది. 1955లో హైదరాబాదు రాష్ట్రం తన చట్టాన్ని చేసింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత రెండు ప్రాంతాలకు కలిపి 1960లో కొత్త చట్టం వచ్చింది. దీని ప్రకారం జిల్లాకు ఒక గ్రంథాలయ సంస్థ, నగరానికి ఒక గ్రంథాలయ సంస్థ ఏర్పడ్డాయి.

ఇంటి పన్నుతో పాటు రూపాయికి ఎనిమిది పైసల వంతున గ్రంథాలయ పన్ను వసూలవుతుంది. పంచాయతీలు, పురపాలక సంఘాలు దీనిని వసూలు చేసి గ్రంథాలయ సంస్థలకు జమ చేయాలి. ఉద్యోగుల జీతాలను ప్రభుత్వం భరిస్తుంది. ఇల్లున్న ప్రతి కుటుంబం, తెలిసో తెలియకో, ఊరి గ్రంథాలయానికి చందాదారే అన్నమాట. ఏటేటా బడ్జెటులో అడగనవసరం లేని ఆదాయం ఇది. స్థానిక సంస్థలు వసూలు చేసిన సొమ్మును సకాలంలో జమ చేయకపోవడం ఈ ఏర్పాటులోని ప్రధాన లోపం. గ్రంథాలయాలు కొనే పుస్తకాలు తెలుగు ప్రచురణ రంగానికి ఒక ముఖ్యమైన ఆధారం గనుక, ఆ సొమ్ము ఆగినప్పుడు కోఠి, అబిడ్స్ పుస్తక వ్యాపారం మొదలు జిల్లాల పాఠకుల వరకు అందరిపైనా ఆ ప్రభావం పడుతుంది.

రాష్ట్ర అకాడమీలు

1957 ఆగస్టు 7న సర్వేపల్లి రాధాకృష్ణన్ ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమిని ప్రారంభించారు. బెజవాడ గోపాలరెడ్డి అధ్యక్షులుగా, దేవులపల్లి రామానుజరావు కార్యదర్శిగా సేవలందించారు. సంగీత నాటక అకాడమి, లలిత కళా అకాడమి కూడా రాష్ట్ర స్థాయిలో ఏర్పడ్డాయి. రవీంద్రనాథ ఠాగూరు శతజయంతి సందర్భంగా 1961లో సైఫాబాదులో రవీంద్రభారతి ప్రారంభమైంది. అకాడమీల కార్యాలయాలకు దాని ప్రక్కనున్న కళాభవన్ కేంద్రమైంది.

సాహిత్య అకాడమి ప్రాచీన కావ్యాలను పండితుల పీఠికలతో తక్కువ ధరకు ప్రచురించింది. రచయితలకు పురస్కారాలు, ఆర్థిక సహాయం అందించింది. దుర్లభమైపోయిన సూర్యరాయాంధ్ర నిఘంటువును పునర్ముద్రించింది. ఈ ముద్రణలు చాలా కళాశాలల గ్రంథాలయాలకు చేరాయి.

మాండలిక వృత్తి పదకోశం

అకాడమి చేపట్టిన పనులలో మాండలిక వృత్తి పదకోశం విశిష్టమైనది. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వ్యవసాయ పదాల సంపుటం 1962లోను, చేనేత పదాల సంపుటం 1971లోను వెలువడ్డాయి. కావ్యాలలోని మాటలను కాక రైతులు, నేతగాళ్లు నోట పలికే మాటలను జిల్లా జిల్లాకూ వెళ్లి సేకరించారు. నాగలి భాగాలు, కాడి, నేలల రకాలు, పైరు దశలు, మగ్గం భాగాలు, నూలు పనులు మొదలైనవాటికి ఏ ప్రాంతంలో ఏ పేరు ఉన్నదో నమోదు చేశారు.

ఈ సర్వేక్షణ ఆధారంగా తెలుగులో పూర్వ, దక్షిణ, ఉత్తర, మధ్య అనే నాలుగు మాండలిక మండలాలను భాషావేత్తలు గుర్తించారు. స్థూలంగా ఉత్తరాంధ్ర పూర్వ మండలం, రాయలసీమ దక్షిణ మండలం, తెలంగాణ ఉత్తర మండలం, కృష్ణా గోదావరి గుంటూరు జిల్లాలు మధ్య మండలం. ట్రాక్టరు, మరమగ్గం వచ్చిన తరువాత ఆ పదాలలో అనేకం వాడుక నుండి తప్పుకున్నాయి. ఇంతటి పనికి అనేక సంవత్సరాల వ్యవధి, క్షేత్ర పరిశోధకులు, స్థిరమైన నిధులు కావాలి. ఏ ఒక్క పండితుడో, ప్రచురణకర్తో సొంతంగా పూర్తిచేయగలిగినది కాదు. ప్రభుత్వ పోషణ అవసరాన్ని చూపే ఉదాహరణగా ఈ కోశాన్ని పేర్కొంటారు.

కూచిపూడి నాట్యం

1958లో ఢిల్లీలో జరిగిన అఖిల భారత నృత్య గోష్ఠిలో కూచిపూడి ప్రత్యేక శాస్త్రీయ సంప్రదాయమా, కాదా అన్న చర్చ వచ్చింది. మరుసటి సంవత్సరం ఆంధ్రప్రదేశ్ సంగీత నాటక అకాడమి హైదరాబాదులో నాట్య గోష్ఠి జరిపి, తెలుగునాట నాట్య సంప్రదాయాలను, వాటి శాస్త్రాధారాలను పండితుల ముందుంచింది. కూచిపూడికి శాస్త్రీయ నృత్యంగా గుర్తింపు రావడంలో బందా కనకలింగేశ్వరరావు వంటివారి కృషితో పాటు ఈ గోష్ఠికీ స్థానం ఉంది.

అధికార భాష, పాఠ్యగ్రంథాలు, మహాసభలు

1966లో ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టం వచ్చింది. దాని అమలును పర్యవేక్షించడానికి 1974లో అధికార భాషా సంఘం ఏర్పడింది. వావిలాల గోపాలకృష్ణయ్య తొలి అధ్యక్షుడు.

1968 ఆగస్టు 6న తెలుగు అకాడమి స్థాపించబడింది. అప్పటి విద్యామంత్రి పి.వి.నరసింహారావు వ్యవస్థాపక అధ్యక్షులు. ప్రాంతీయ భాషలలో విశ్వవిద్యాలయ స్థాయి గ్రంథాల తయారీకి కేంద్ర ప్రభుత్వం ఒక్కొక్క రాష్ట్రానికి కోటి రూపాయల సహాయం ప్రకటించిన కాలమది. ఇంటర్మీడియట్, డిగ్రీ స్థాయిలకు తెలుగు మాధ్యమ గ్రంథాలను, పారిభాషిక పదకోశాలను అకాడమి వెలువరించింది. ఇంగ్లీషు రాని పల్లెటూరి విద్యార్థులకు భౌతికశాస్త్రం, అర్థశాస్త్రం, చరిత్ర తమ భాషలో చదువుకొనే అవకాశం కలిగింది. పోటీ పరీక్షల అభ్యర్థులు నేటికీ ఈ పుస్తకాలను ఆశ్రయిస్తున్నారు.

1975 ఏప్రిల్ 12 నుండి 18 వరకు లాల్ బహదూర్ స్టేడియంలో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు జరిగాయి. జలగం వెంగళరావు ముఖ్యమంత్రి, మండలి వెంకటకృష్ణారావు విద్యామంత్రి. శంకరంబాడి సుందరాచారి రచించిన "మా తెలుగు తల్లికి" గీతం ఈ సభలతో విశేష ప్రచారం పొందింది. మహాసభల ఫలితంగా అంతర్జాతీయ తెలుగు సంస్థ ఏర్పడింది. తరువాతి సభలు కౌలాలంపూరు (1981), మారిషస్ (1990), తిరుపతి (2012)లలో జరిగాయి.

అకాడమీల రద్దు, తెలుగు విశ్వవిద్యాలయం

1983లో అధికారంలోకి వచ్చిన ఎన్.టి.రామారావు ప్రభుత్వం సాహిత్య, సంగీత నాటక, లలిత కళా అకాడమీలను రద్దు చేసింది. పాతికేళ్లు పనిచేసిన సంస్థలు ఒక ప్రభుత్వ నిర్ణయంతో ముగిసిపోయాయి. రచయితలు, కళాకారులు చాలామంది దీనిని విమర్శించారు.

1985 డిసెంబరు 2న తెలుగు విశ్వవిద్యాలయం ప్రారంభమైంది. రద్దయిన అకాడమీల వారసత్వంతో పాటు అంతర్జాతీయ తెలుగు సంస్థ, విజ్ఞాన సర్వస్వ సంపుటాలు ప్రచురించిన తెలుగు భాషా సమితి మొదలైనవి ఇందులో విలీనమయ్యాయి. ఆచార్య తూమాటి దొణప్ప తొలి ఉపాధ్యక్షులు. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ కేంద్రంగా, శ్రీశైలం, రాజమండ్రి, కూచిపూడి, వరంగల్లు పీఠాలతో భాష, సాహిత్యం, జానపద విజ్ఞానం, సంగీతం, నృత్యం, రంగస్థలం, శిల్పం, జ్యోతిషం వంటి విషయాలు ఒకే విశ్వవిద్యాలయంలోకి వచ్చాయి. 1998లో దీనికి పొట్టి శ్రీరాములు పేరు పెట్టారు.

విశ్వవిద్యాలయం శాసనసభ చేసిన చట్టం ద్వారా ఏర్పడింది. అందువల్ల అకాడమీలకు లేని స్థిరత్వం దీనికి లభించింది. అయితే అకాడమి పని వేరు, విశ్వవిద్యాలయం పని వేరు. తరగతులు, పరీక్షలు, పట్టాలు నడపవలసిన సంస్థకు రచయితల సహాయం, ప్రచురణ, పదసేకరణ వంటి అకాడమి పనులు అదనపు బాధ్యతలుగా మిగిలాయి.

ప్రాచీన భాష హోదా

2008 అక్టోబరు 31న కేంద్ర ప్రభుత్వం తెలుగు, కన్నడ భాషలకు ప్రాచీన భాష హోదా ప్రకటించింది. అంతకు ముందు తమిళానికి (2004), సంస్కృతానికి (2005) ఈ హోదా లభించింది. తెలుగు ప్రాచీన భాషా కేంద్రం మొదట మైసూరులోని భారతీయ భాషల కేంద్ర సంస్థలో పనిచేసి, తరువాత నెల్లూరుకు మారింది.

రాష్ట్ర విభజన తరువాత

2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది. తెలుగు విశ్వవిద్యాలయం, తెలుగు అకాడమి పునర్వ్యవస్థీకరణ చట్టంలోని పదవ షెడ్యూలు సంస్థలలో చేరాయి. వీటి ఆస్తులు, ఉద్యోగులు, సేవల పంపకం సంవత్సరాల తరబడి వివాదంగా సాగింది.

తెలంగాణ ప్రభుత్వం భాషా సాంస్కృతిక శాఖను, కళాకారులకు ఉద్యోగాలిచ్చిన తెలంగాణ సాంస్కృతిక సారథిని ఏర్పరచింది. సారథిలో సుమారు 550 మంది కళాకారులు నియమితులయ్యారు. కాళోజీ నారాయణరావు పుట్టినరోజైన సెప్టెంబరు 9 తెలంగాణ భాషా దినోత్సవం అయింది. 2017లో తెలంగాణ సాహిత్య అకాడమి ఏర్పడింది. నందిని సిధారెడ్డి తొలి అధ్యక్షుడు. రద్దయిన మూడు దశాబ్దాలకు పైగా కాలం తరువాత హైదరాబాదులో రాష్ట్ర స్థాయి సాహిత్య అకాడమి మళ్లీ వచ్చింది. అదే సంవత్సరం డిసెంబరు 15 నుండి 19 వరకు లాల్ బహదూర్ స్టేడియం ప్రధాన వేదికగా ప్రపంచ తెలుగు మహాసభలు జరిగాయి. 2018లో పాఠశాలలలో తెలుగు బోధనను తప్పనిసరి చేసే చట్టం వచ్చింది. 2025లో తెలంగాణ శాసనసభ తెలుగు విశ్వవిద్యాలయానికి సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టింది.

ఆంధ్రప్రదేశ్‌లో గిడుగు రామమూర్తి జయంతి అయిన ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం. 2019లో ఆ రాష్ట్ర ప్రభుత్వం ప్రభుత్వ పాఠశాలలలో ఇంగ్లీషు మాధ్యమాన్ని ప్రవేశపెట్టే ఉత్తరువు ఇవ్వగా 2020లో హైకోర్టు దానిని కొట్టివేసింది. 2021లో ఆ రాష్ట్రంలో తెలుగు అకాడమి పేరు తెలుగు-సంస్కృత అకాడమిగా మారింది.

కోఠి నివాస భవనం

రెసిడెంటు జేమ్స్ అకిలీజ్ కిర్క్‌పాట్రిక్ కాలంలో, పందొమ్మిదవ శతాబ్ది తొలి సంవత్సరాలలో ఈ భవనం నిర్మించబడింది. 1949లో ఇందులోకి మహిళా కళాశాల వచ్చింది. కళాశాల తరగతులతో వాడుకలో ఉండటం వల్ల భవనం పూర్తిగా పాడుబడకుండా నిలిచింది గాని, మరమ్మతులు లేక శిథిలం కాసాగింది. 2002లో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ దీనిని ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో చేర్చింది. ఆ సంస్థ సహకారంతో తరువాత పునరుద్ధరణ జరిగింది. 2022లో కళాశాల మహిళా విశ్వవిద్యాలయంగా మారింది. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు.

విమర్శలు

ప్రభుత్వ పోషణపై వచ్చే విమర్శలు ముఖ్యంగా ఇవి:

అస్థిరత్వం: ఉత్తరువుతో పుట్టిన సంస్థ మరొక ఉత్తరువుతో పోవచ్చు. 1983 నాటి రద్దు దీనికి తార్కాణం. ప్రభుత్వం మారినప్పుడల్లా అధ్యక్ష పదవులు ఖాళీగా ఉండటం, పథకాలు మధ్యలో ఆగిపోవడం జరుగుతుంది.

ఉత్సవాలకు ప్రాధాన్యం: మహాసభలు ప్రజలలో ఉత్సాహం నింపుతాయి. కాని నిఘంటువులు, పదకోశాలు, తాళపత్రాల పరిష్కరణ వంటి దీర్ఘకాలపు పనులకు అంతటి శ్రద్ధ, నిధులు దక్కడం లేదు.

పరస్పర విరుద్ధత: భాషా దినోత్సవాలు జరిపే ప్రభుత్వాల కార్యాలయాలలో, ఉన్నత విద్యలో ఇంగ్లీషు వాడుకే ఎక్కువ. 1966 నాటి చట్టం ఉన్నా దాని అమలు అసంపూర్ణంగానే మిగిలింది.

స్వేచ్ఛ: ప్రభుత్వ జీతం తీసుకొనే కళాకారుడు ప్రభుత్వ పథకాల ప్రచారకుడిగా మిగిలిపోతాడన్న విమర్శ ఉంది. కళాకారులకు స్థిరమైన జీవనాధారం కల్పించడం గొప్ప విషయమేనని మరికొందరి వాదన.

ఈ విమర్శలకు ఎదురుగా, ప్రజా సంస్థలకు కూడా పరిమితులు ఉన్నాయని గమనించాలి. విరాళాలతో గ్రంథాలయం నడపవచ్చు; పరీక్షలు, సభలు జరపవచ్చు. రాష్ట్రమంతటా మాండలిక సర్వేక్షణ జరపడానికి, విశ్వవిద్యాలయ స్థాయి పాఠ్యగ్రంథాలు సిద్ధం చేయడానికి విరాళాలు చాలవు. కోఠిలోని భాషా నిలయం, తిలక్ రోడ్డులోని పరిషత్తు అనేక ప్రభుత్వాలను చూసి నిలిచాయి. నిధుల కొరత వాటిని వదలలేదు. ప్రభుత్వ అకాడమీలు పెద్ద పనులు చేశాయి; వాటి ఆయుష్షు వాటి చేతిలో లేదు. గ్రంథాలయ పన్ను వంటి చట్టబద్ధమైన ఆదాయాన్ని, పండితుల స్వయం నిర్ణయాధికారాన్ని కలిపిన సంస్థ మాత్రం భాషా సాహిత్యాల రంగంలో ఇంకా రూపొందలేదు.

ముఖ్య ఘట్టాలు

- 1901: శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం స్థాపన
- 1917: ఉర్దూ అనువాద శాఖ ఏర్పాటు
- 1918: ఉస్మానియా విశ్వవిద్యాలయ స్థాపన
- 1921: ఆంధ్ర జనసంఘం ఆవిర్భావం
- 1943: నిజాం రాష్ట్రాంధ్ర సారస్వత పరిషత్తు
- 1957: ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి
- 1960: ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయ చట్టం
- 1966: అధికార భాషా చట్టం
- 1968: తెలుగు అకాడమి
- 1975: మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు
- 1983: రాష్ట్ర అకాడమీల రద్దు
- 1985: తెలుగు విశ్వవిద్యాలయం
- 2008: తెలుగుకు ప్రాచీన భాష హోదా
- 2017: తెలంగాణ సాహిత్య అకాడమి
- 2025: తెలుగు విశ్వవిద్యాలయానికి సురవరం ప్రతాపరెడ్డి పేరు

ఇవి కూడా చూడండి

- కోఠి
- శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం
- కొమర్రాజు వెంకట లక్ష్మణరావు
- తెలంగాణలో గ్రంథాలయోద్యమం
- ఆంధ్ర మహాసభ
- మాండలిక వృత్తి పదకోశం
- ప్రపంచ తెలుగు మహాసభలు